నాయినను కొలంబియా నది ఓడ ఎక్కించాల్నా, సాగర్-శ్రీశైలం లాంచీ చాలా?

వనస్థలిపురం_లత

అందరికి నమస్తే. ఒక సలహా కావాలె.

మా నాయిన నాగార్జునసాగర్ మెయిన్ పవర్‌హౌస్‌ల ఆపరేటర్‌గ చేసి రిటైరైండు. నా బడి చదువంత హిల్ కాలనీలనే. అమ్మ పోయినంక మాతోనే వనస్థలిపురంల ఉంటున్నడు. మోకాళ్ళ నొప్పి తప్పితే మనిషి గట్టిగనే ఉన్నడు. మా తమ్ముడు అమెరికాల పోర్ట్‌లాండ్ దగ్గర ఉంటడు. ఎండాకాలం నాయినను రమ్మంటున్నడు. వస్తే కొలంబియా నది మీద ఓడల తిప్పుతనంటున్నడు. పోర్ట్‌లాండ్ కాడ మొదలుపెట్టి, కొలంబియా మీద కొంత దూరం, స్నేక్ నది మీద కొంత దూరం పోయి ఐడహో రాష్ట్రంల లూయిస్టన్ దాక. నడుమ ఎనిమిది డ్యాములు వస్తయట, ఎనిమిదింటిని ఓడ దాటుకుంట పైకి పోతదట.

నాయిన నమ్ముతలేడు. "డ్యామ్ ఎక్కే పడవ ఏడిదిరా, గేట్లెత్తి ఎదురు తోస్తరా" అని నవ్విండు. తమ్ముడు వీడియో పంపిండు, అండ్ల డ్యామ్ కాడ లాకు అనే పెద్ద తొట్టిల ఓడను పెట్టి, నీళ్ళు నింపి పైకి లేపుతున్నరు. చెప్పకుంట చూసి, "మంచిగనే ఉంది గని ఆ తొట్టి నింపెతందుకు పంపు ఎన్ని మెగావాట్లు?" అన్నడు. తమ్ముడు సాఫ్ట్‌వేరు, నేను బ్యాంకు. ఇద్దరికి తెల్వదు.

నా డౌట్లు ఏందంటే, టికెట్ ఒక్కొక్కరికి వేల డాలర్లు. అంత పెట్టినంక ఆ డ్యాములు రాత్రిపూట నిద్రల దాటిపోతె ఏం లాభం? లాకుల ఓడ ఊగుతదా, పెద్దోళ్ళకు భయమైతదా? ఇంకోటి, మన సాగర్-శ్రీశైలం లాంచీల గిసొంటి లాకులు ఏమన్న ఉన్నయా? ఉంటే ఇక్కడనే చూపిస్తం గద. నేను సాగర్ల పెరిగిన గని ఆ లాంచీ ఎక్కలే. ఇంటి పక్కన గుడికి ఎవరు పోతరు!

కూకట్‌పల్లి_కోనసీమ

అక్కా, లాకులు చూడ్డానికి అమెరికా ఎందుకండీ బాబూ. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులకి తీసుకురండి, పూతరేకులు తిని మరీ వెళ్ళొచ్చు. సినిమావాళ్ళు అందరూ అక్కడే తీస్తారు. బొబ్బర్లంక, ధవళేశ్వరం, విజ్జేశ్వరం, ఎటు చూసినా లాకులే. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది, కాలవలు తవ్వింది పొలాలకీ పడవలకీ రెండిటికీనూ. మా తాతగారు కాకినాడకి ధాన్యం పడవలోనే వేసుకెళ్ళేవారు. లాకు దగ్గర ఆగితే లస్కరు చక్రం తిప్పి తలుపు తీసేదాకా గట్టు మీద వంట కూడా అయిపోయేదట.

పోలవరం డిజైన్లోనూ ఎడం పక్కన పడవల కోసం లాకులున్నాయి. అది పూర్తయితే డ్యామ్ దాటే లాకు మన గోదారి మీదే చూడొచ్చు. ఎప్పటికన్నది మాత్రం నన్నడక్కండి.

టర్బైన్_తాత

లత గారూ, నేనూ మీ నాన్నగారి శాఖ మనిషినే. శ్రీశైలం కుడి గట్టు పవర్‌హౌస్‌లో పనిచేసి మౌలాలిలో స్థిరపడ్డాను. మా అమ్మాయి కాపురం వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్లో, అంటే పోర్ట్‌లాండ్‌కి నది అవతలి గట్టు. మీరు చెప్పే ఓడ ఎక్కాను. బ్రోషర్లో వైన్ గురించి నాలుగు పేజీలు రాస్తారు, లాకు గురించి నాలుగు లైన్లు కూడా రాయరు. ఆ లోటు నేను తీరుస్తాను.

ముందు మీ నాన్నగారి ప్రశ్న. అడగాల్సినవాడు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. జవాబు: పంపు లేదు. సాగర్ మెయిన్ పవర్‌హౌస్‌లో ఏడు యూనిట్లు రివర్సిబుల్ (వెనక్కి తిప్పితే పంపుల్లా పనిచేస్తాయి), కింది నీళ్ళు పైకి తోడాలంటే కరెంటు పెట్టాలి. ఆ అలవాటుతో అడిగి ఉంటారు. లాకులో తోడటం అన్నదే లేదు. పై రిజర్వాయర్ నీళ్ళు గోడల లోపలి సొరంగాల గుండా వచ్చి చాంబర్ (ఓడ నిలిచే తొట్టి) అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పైకి ఉబుకుతాయి. పై వాల్వు తెరిచి కింది వాల్వు మూస్తే చాంబర్ నిండుతుంది. పైది మూసి కిందిది తెరిస్తే ఖాళీ అవుతుంది. పని అంతా పల్లంది. కరెంటు కావలసింది వాల్వులు, తలుపులు కదపడానికే. మన ఇంటి సంపులో మంజీర నీళ్ళు వదిలినప్పుడు అందులో తేలుతున్న చెంబు ఎలా పైకొస్తుందో ఓడా అలాగే వస్తుంది.

ఇక భయం, ఊగడం. అడుగంతా పరుచుకుని నీళ్ళు వస్తాయి కాబట్టి అల ఉండదు. నేను డెక్ మీద పట్టుకున్న టీ కప్పులో కూడా కదలిక లేదు. ఓడని గోడకి కట్టేస్తారు. కట్టేది నేల మీది గుంజకి అనుకునేరు. గోడలో నిలువుగా ఒక గాడి ఉంటుంది, అందులో తేలే ఇనప గుంజ ఉంటుంది. నీళ్ళతో పాటే అదీ పైకి లేస్తుంది. ఓడ కుర్రాడు ఒకడు తాడు దాని మెడకి చుట్టి, చూపు దాని మీంచి తియ్యకుండా నిలబడ్డాడు. ఎందుకంటే అది గాడిలో ఇరుక్కుంటే ఓడ లేస్తుంది, తాడు లేవదు. మధ్య మధ్య అది కీచుమని చేసే చప్పుడు చాంబర్ అంతా మోగుతుంది. మొదట్లో మీ పక్కనున్నది తడిసి పాచి పట్టిన కాంక్రీటు గోడ, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఆకాశం పైన ఒక పట్టీ అంత. పదిహేను ఇరవై నిమిషాలకి ఆ గోడ కిందికి జారిపోయి, గట్టు మీద నిలబడ్డ లాకు ఉద్యోగి బూట్లు మన కళ్ళ ఎత్తుకి వస్తాయి. తర్వాత ఆయన ముఖం. లోపలికి రావడం, తలుపులు మూయడం, బయటపడటం అంతా కలిపి అరగంట, ముప్పావుగంట.

ఎనిమిదిలో నాకు నచ్చింది జాన్ డే. ఓడ ఒక్క ఎత్తులో 110 అడుగులు లేస్తుంది, అమెరికాలో ఒకే మెట్టుకి ఇంత ఎత్తున్న లాకు ఇంకోటి లేదు. దాని కింది తలుపు రెండు రెక్కలుగా తెరుచుకునే రకం కాదు. నిలువునా పైకి లేచే ఉక్కు గేటు. దాని కిందినుంచే ఓడ లోపలికి దూరాలి. గేటు అంచు నుంచి డెక్ మీద నీళ్ళు టపటపా పడుతుంటే తోటి ప్రయాణికులంతా కెమెరాలు దాచుకుని లోపలికి పరిగెత్తారు. గేట్లు, హాయిస్టులు చూస్తూ బతికిన మనిషి అయితే అక్కడే నిలబడి తడుస్తాడు. నేను తడిశాను.

రాత్రి సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. టైమ్‌టేబుల్ ఓడ కంపెనీ ఇష్టం. ఊళ్ళ దగ్గర పగలు ఆపాలి కాబట్టి కొన్ని లాకులు రాత్రి దాటించేస్తారు. టికెట్ కొనేముందు మీ తమ్ముణ్ణి ఒకే ఒక ప్రశ్న అడగమనండి: జాన్ డే, ఐస్ హార్బర్, ఈ రెండూ పగలు దాటతామా? ఐస్ హార్బర్ స్నేక్ నదిలో మొదటిది, వంద అడుగులు లేపుతుంది, గేటు కూడా నిలువుగా లేచేదే. ఈ రెండూ రాత్రికి పడితే ఆ ఓడ వద్దు, ఇంకో కంపెనీ చూసుకోండి. మార్చిలో ఏటా లాకులు మూసి మరమ్మతులు చేస్తారు, ఎలాగూ మీరు వెళ్ళేది ఎండాకాలం కదా.

అమెరికాలో అన్ని డ్యాములకీ లాకులు ఉంటాయనుకోకండి. అదే కొలంబియా మీద, ఇంకా ఎగువన గ్రాండ్ కూలీ ఉంది. 6,800 మెగావాట్లు, ఆ దేశంలో అన్నిటికన్నా పెద్ద పవర్‌హౌస్. దానికి లాకు లేదు. మన శ్రీశైలానికి లేనట్టే.

మీ మూడో ప్రశ్నకి వస్తున్నాను. సాగర్ నుంచి బయల్దేరే లాంచీ శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి బస్సు. కొల్లాపూర్ వైపు సోమశిల నుంచి ఇంకో లాంచీ వస్తుంది, అది డ్యామ్‌కి పైన, శ్రీశైలం రిజర్వాయర్లో. అంటే కృష్ణ మీద రెండు లాంచీలు ఒకే డ్యామ్‌కి అటొకటి ఇటొకటి వచ్చి ఆగుతాయి, ఒకదాన్నొకటి ఎన్నటికీ చూడవు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలం 885. రెండూ నిండుకుండల్లా ఉన్నప్పుడు కూడా మధ్యలో 295 అడుగుల తేడా. జాన్ డే లాంటివి మూడు పేర్చాలి. చేయలేనిదేం కాదు. చైనాలో త్రీ గోర్జెస్ దగ్గర 113 మీటర్లు, అంటే 370 అడుగులు, ఐదు మెట్ల లాకుతో ఎక్కిస్తున్నారు. మూడు నాలుగు గంటలు పడుతోందని 2016లో ఓడని తొట్టితో సహా పైకెత్తే లిఫ్టు కూడా పెట్టారు. కానీ అక్కడ యాంగ్‌ట్జీ మీద సరుకు ఓడల బారు ఉంది. నల్లమల లోయలో ఏ సరుకు పోతుంది? సాగునీటికీ కరెంటుకీ కట్టిన డ్యామ్‌లో అంత ఖర్చు ఎవరు పెడతారు? లేకపోవడమే సబబు, నా ఉద్దేశంలో.

కోనసీమ తమ్ముడూ, లొల్ల లాకులు నాకూ ఇష్టమే. కానీ అక్కడ ఎత్తు కొద్ది అడుగులే, పైగా సరుకు పడవల రోజులు పోయాయి. టర్బైన్ మనిషికి ఆ కాస్త నీళ్ళు ఆనవు.

ఎల్బీనగర్_శీను

లతక్కా, పోయిన చలికాలం మేం ఫ్యామిలీతోని సాగర్-శ్రీశైలం లాంచీల పోయినం. లాకులు లెవ్వు, తాత గారు చెప్పినట్లు డ్యామ్ కిందనే దింపుతరు. వంద కిలోమీటర్ల పైన ఉంటది, పొద్దున ఎక్కితే సాయంత్రం దాక నీళ్ళ మీదనే. మొదట అంత వెడల్పు రిజర్వాయర్, గంటన్నర దాక గట్టు కూడ దూరంగనే. అటెన్క గుట్టలు దగ్గరికొచ్చినంక మజా మొదలైతది. రెండు దిక్కులా టైగర్ రిజర్వే, ఒక్క ఊరు కనబడదు, ఫోన్ సిగ్నల్ పోతది. పిల్లలు అప్పుడు కిటికీల నుంచి తల బయట పెట్టిన్రు.

పెద్దమనిషి కాబట్టి ఒక మాట. దిగేటప్పుడు చెక్క మీద నడవాలె, గట్టు ఎక్కాలె. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి, ఇద్దరం చెరో రెక్క పట్టుకోవాల్సి వచ్చింది. లైఫ్ జాకెట్ ఇస్తరు, అది మాత్రం వేసుకొనే కూసోవాలె. 2019ల కచ్చులూరు కాడ గోదాట్ల పడవ మునిగినప్పుడు పోయినోళ్ళల్ల మన హైదరాబాద్ వాళ్ళు, వరంగల్ వాళ్ళు ఉన్నరు. గది మర్చిపోవద్దు. సాగర్ల నీళ్ళు బాగుంటేనే లాంచీ నడుస్తది, ఎండాకాలం అడిగి లాభం లేదు. వానలు పోయి డ్యామ్ నిండినంక, టూరిజం వాళ్ళకు ముందే ఫోన్ చేసి కనుక్కోండ్రి.

నల్లకుంట_నీలిమ

అమెరికా వీసా సంగతి తేలకపోతే ఇంకో దారి చెప్పనా? పోర్చుగల్. మేము ఆఫీసు పని మీద పోర్టో వెళ్ళినప్పుడు డోరో నది మీద ఒక్కరోజు పడవ ఎక్కాం. పొద్దున పోర్టోలో ఎక్కితే సాయంత్రానికి రెగ్వా అనే ఊళ్ళో దింపుతారు, తిరిగి రైల్లో రావచ్చు. దారిలో రెండు డ్యాములు, రెండూ కరెంటువే. మొదటిది క్రెస్తుమా, 14 మీటర్లు, పెద్దగా అనిపించలేదు. రెండోది కరపతేలు. 35 మీటర్లు! యూరప్‌లో ఇంత ఎత్తు లేపే లాకులు చాలా తక్కువ. తాతగారు చెప్పిన నిలువు గేటు అక్కడా ఉంది, మా గొడుగు పనికొచ్చింది.

వారం పొడుగు ఓడ అయితే ఐదు డ్యాములు దాటి స్పెయిన్ సరిహద్దు దాకా వెళ్తుంది. అక్కడ పెద్ద లాభం ఏంటంటే ఆ నది మీద ప్రయాణికుల ఓడలు రాత్రి నడవవు. రాత్రి గట్టుకి కట్టేస్తారు. కాబట్టి లాకులన్నీ పగలే. లత గారి మొదటి డౌటుకి సమాధానం దొరికినట్టే.

భోజనం మాత్రం ఉప్పు చేప. మేము శాకాహారులం అని టికెట్ కొన్నప్పుడే చెప్పినా, ఉడికించిన బంగాళాదుంప ముక్కలు, ఒక ఆమ్లెట్ తెచ్చి పెట్టారు. గుడ్డు కూడా తినం అంటే ఆ అమ్మాయి నిజంగా బాధపడింది పాపం. పచ్చడి సీసా తీసుకెళ్ళండి.

వనస్థలిపురం_లత

అందరికి మస్తు థాంక్స్. టర్బైన్ తాత గారూ, మీరు రాసింది మొత్తం నాయినకు చదివి వినిపించిన. పంపు లేదన్న కాడ కుర్చీల ముందుకొచ్చి కూసున్నడు. మళ్ళ రెండు ప్రశ్నలు ఇచ్చిండు, నేను ఆయన మాటల్లనే రాస్తున్న.

ఒకటి: "పంపు లేకుంటే నష్టం లేదని గాదు. పై నీళ్ళు టర్బైన్ల పోకుంట లాకుల పోతున్నయి గద. ఒక్క ఓడకు ఎన్ని యూనిట్లు గంగపాలు?"

రెండు: "ఓడ బరువెక్కువుంటే నీళ్ళు ఎక్కువ పడ్తయా?"

ఇంకొక మాట కూడ అన్నడు. ఆ ఎనిమిది డ్యాముల కింద ఏం మునిగిందో అడుగు అన్నడు. సాగర్ వాళ్ళం గదా.

టర్బైన్_తాత

లత గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు. రెండో ప్రశ్న ముందు, అది చిన్నది. బరువుతో సంబంధం లేదు. చాంబర్ పొడవు, వెడల్పు, లేవాల్సిన ఎత్తు, ఈ మూడూ గుణిస్తే వచ్చే నీళ్ళే పై నుంచి రావాలి. గోధుమల బార్జి వెళ్ళినా, ఒక ముసలాయన చిన్న మోటారు బోటు వేసుకుని ఒంటరిగా వెళ్ళినా అంతే. తేలే వస్తువు తను పక్కకి తోసే నీళ్ళని మొదటే తోసేసి లోపలికి వస్తుంది, లేచేటప్పుడు కొత్తగా ఏమీ అడగదు.

మొదటి ప్రశ్నకి నిన్న రాత్రి లెక్క వేశాను. జాన్ డే లాకు సుమారు 86 అడుగుల వెడల్పు, 650 అడుగుల పొడవు. 110 అడుగులు లేపాలి. దాదాపు 61 లక్షల ఘనపుటడుగులు. మన భాషలో 0.006 టీఎంసీ. అంటే నూట అరవై సార్లు లాకు నింపితే ఒక టీఎంసీ. దాన్నే టన్నుల్లోకి మారిస్తే 1 లక్షా 74 వేల టన్నుల నీళ్ళు 33 మీటర్ల పైన పడుతున్నాయి. టర్బైను, జనరేటరు కలిపి 90 శాతం దక్షత వేసుకుంటే 14 వేల యూనిట్ల పైచిలుకు. నెలకి 250 యూనిట్లు కాల్చే ఇళ్ళు యాభైకి పైగా ఒక నెల గడిచిపోయే కరెంటు, ఒక్క ఓడకి.

బాబోయ్ అనిపిస్తుంది. కానీ జాన్ డే పవర్‌హౌస్ 16 జనరేటర్లు, ఒక్కోటి 135 మెగావాట్లు, మొత్తం 2,160. ఫుల్ లోడులో సెకనుకి 600 యూనిట్లు. అంటే ఆ ఓడ తిన్నది ఆ పవర్‌హౌస్ ఉత్పత్తిలో పాతిక సెకన్లు. మన షిఫ్టులో టీ తాగడానికి అంతకన్నా ఎక్కువ పట్టేది. పైగా చిన్న బోట్లకి లాకు వేళలు పెట్టి నాలుగైదు కలిసి వచ్చేలా చూస్తారు.

మునిగిన సంగతి. 1957 మార్చిలో ద డాల్స్ డ్యామ్ నింపినప్పుడు సెలిలో జలపాతం మునిగిపోయింది. అక్కడి ఆదివాసీ తెగలు వేల ఏళ్ళుగా చెక్క మంచెల మీద నిలబడి సాల్మన్ చేపలు పట్టిన చోటు. మనకి నాగార్జునకొండలో తవ్వి తీసినవి దీవి మీదికి చేర్చగలిగారు. జలపాతాన్ని ఎక్కడికి చేరుస్తారు? ఓడలో గైడు ఆ చోటు దాటేటప్పుడు మైకులో రెండు ముక్కలు చెప్పి వైన్ రుచి చూసే కార్యక్రమం టైము ప్రకటించాడు. నాకు అది నచ్చలేదు. స్నేక్ నది మీది నాలుగు డ్యాములూ సాల్మన్ కోసం తీసెయ్యాలని అక్కడ చాలా ఏళ్ళుగా గొడవ నడుస్తోంది. తీసేస్తే లూయిస్టన్‌కి ఓడ వెళ్ళదు. సముద్రానికి 465 మైళ్ళ దూరంలో ఉన్న రేవు అది, ఈ లాకులే దాని ప్రాణం. అందుకని ఆ ఊరివాళ్ళు ఒప్పుకోరు. ఇద్దరి మాటా వినదగ్గదే.

డబ్బు విషయంలో నా మాట వింటానంటే, వారం ఓడ అక్కర్లేదు. పోర్ట్‌లాండ్ నుంచి కారులో తూర్పుకి ముప్పావుగంట వెళ్తే బోన్‌విల్ డ్యామ్ వస్తుంది. నదికి అడ్డంగా కట్టిన ఎనిమిదింటిలో అదే మొదటిది, 1938 నాటిది. సముద్రపు పోటు ప్రభావం అక్కడిదాకా తెలుస్తుంది. ఒరెగాన్ గట్టున లాకు పక్కనే నిలబడి చూసే చోటుంది. బార్జీలు వస్తూనే ఉంటాయి, కాస్త ఓపిగ్గా కూర్చుంటే దొరుకుతుంది. అవతల వాషింగ్టన్ గట్టున రెండో పవర్‌హౌస్ చూపిస్తారు, జనరేటర్ల వరస కనిపిస్తుంది. అక్కడ అరవై అడుగుల హెడ్డే (నీళ్ళు పడే ఎత్తు) కాబట్టి అన్నీ తక్కువ ఎత్తుకి వాడే కాప్లాన్ టర్బైన్లు. ఎక్కువ ఎత్తుకి వాడే ఫ్రాన్సిస్ టర్బైన్ల మీద బతికిన మనిషికి అది కొత్త. చేపలు మెట్లెక్కి పైకి పోయే కాలువకి గాజు కిటికీలున్నాయి, ఒక ఉద్యోగి కూర్చుని వాటిని ఏ జాతి ఎన్ని అని లెక్క రాస్తూ ఉంటాడు. సర్కారు ఉద్యోగాల్లో నాకు అసూయ కలిగించింది అదొక్కటే. గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి, చేతి సంచులు పెద్దవి వద్దు. వెళ్ళేముందు ఏ గట్టు తెరిచి ఉందో మీ తమ్ముణ్ణి చూసుకోమనండి.

ఇంకో మూడు నాలుగు మైళ్ళు పైకి వెళ్తే క్యాస్కేడ్ లాక్స్ అనే ఊరు. బోన్‌విల్ కట్టకముందు అక్కడ రాళ్ళ మధ్య ఉరికే నీటి ప్రవాహం దాటడానికి 1896లో పాత లాకు తెరిచారు, దాని రాతి గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గట్టు నుంచే వెనక చక్రం ఉన్న పడవ ఒకటి పూటపూటకీ తిప్పుతారు. మోకాళ్ళకి శ్రమ లేదు. అది ఎక్కించి, లాకు గట్టు మీద నుంచి చూపించి, మిగిలిన డబ్బుతో నీలిమ గారు చెప్పిన పోర్చుగల్ ఎప్పుడైనా పెట్టుకోండి. లేదు, ఓడలోనే జాన్ డే లోపలికి వెళ్ళాలి అంటే, పగటి లాకులున్న ఓడే తీసుకోండి. అప్పుడు వేల డాలర్లూ దండగ కాదు.

కూకట్‌పల్లి_కోనసీమ

తాతగారూ, పాతిక సెకన్ల లెక్క అదిరింది. మా లొల్ల లాకులకి కూడా ఒక లెక్క వేసి పెడితే మా ఊళ్ళో చెప్పుకుంటాం.

టర్బైన్_తాత

అక్కడ టర్బైనే లేదు కదయ్యా, నష్టం ఎక్కడిది? పొలానికి పోతాయి. సున్నా రాసుకో.

వనస్థలిపురం_లత

నాయిన లెక్కను పేపర్ అంచు మీద మళ్ళ చేసిండు. దక్షత 90 శాతమే అని తక్కువ ఏసిన్రట, కాప్లాన్ అయితే ఇంక రెండు ఎక్కువనే రావాలె అంటున్నడు. జవాబు మాత్రం మీదే రైట్ అన్నడు, పాతిక సెకన్లల్ల పెద్ద ఫరక్ రాదట.

తమ్మునికి చెప్పేసినం. ముందుగాల బోన్‌విల్, చక్రం పడవ. జాన్ డే పగలు దాటే ఓడ దొరికితే అప్పుడు చూస్తం, కంపెనీలకు మెయిల్ పెట్టిండు. తిరిగి వచ్చినంక, వానలు పడి సాగర్ నిండితే శీను చెప్పిన లాంచీ. దాని టికెట్ నేనే కొంట, నేను కూడ చూడలే గద. దిగే కాడ పట్టుకునేతందుకు మా ఆయనను కూడ తోల్కపోత.

తాత గారూ, నాయిన మీతోని ఫోన్ల మాట్లాడుతడట. నంబర్ ఇక్కడ పెట్టకండి, నాకు విడిగ మెసేజ్ పెట్టుండ్రి. రాత్రి భోజనం అయినంకనే చేయిస్త. ముందు చేస్తే మీ అన్నం చల్లగైతది, టర్బైన్ వేగం అదుపు చేసే గవర్నర్ల కాడ మొదలుపెడ్తే ఆయన గంటకు గూడ ఆపడు.